మోటారు సైకిలు గొలుసు: పళ్ళ లెక్క వెనుక చరిత్ర

అనకాపల్లి బెల్లానికి పేరు పొందిన పట్టణం. ఆ చుట్టుప్రక్కల గ్రామాలలో చెరుకు గానుగను చూడకుండా పెరిగే విద్యార్థి అరుదు. గానుగ రోలర్ల తలల మీద ఒకదానిని ఒకటి త్రోసుకుంటూ తిరిగే ఇనుప పళ్ళచక్రాలు ఉంటాయి. అదే విద్యార్థి పట్టణంలో మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్డు ముందు నిలబడితే అక్కడ కూడా పళ్ళచక్రాలే కనిపిస్తాయి. ఇంజను ప్రక్కన చిన్న చక్రం ఒకటి, వెనుక చక్రానికి బిగించిన పెద్ద చక్రం ఒకటి, ఈ రెండింటినీ కలిపే గొలుసు ఒకటి. మెకానిక్కులు ఈ గొలుసును చైను అనీ, పళ్ళచక్రాన్ని స్ప్రాకెట్టు అనీ అంటారు.

ఇటువంటి షెడ్డుకు రెండు విధాలైన కోరికలతో మనుషులు రావచ్చును. చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ రోడ్డును బరువుతో ఎక్కవలసినవాడు బండి ఇంకా బలంగా లాగాలని కోరుతాడు. విశాఖపట్నం వైపు జాతీయ రహదారి మీద రోజూ పోయివచ్చేవాడు ఇంజను అంతగా అరవకుండా బండి సాఫీగా, వేగంగా పోవాలని కోరుతాడు. ఇద్దరి కోరికా తీర్చే మార్గం ఒక్కటే: స్ప్రాకెట్టు మార్చడం. ఒకరికి ముందు చక్రంలో ఒక పన్ను తగ్గాలి, మరొకరికి ఒక పన్ను పెరగాలి.

ఇంజను పాతదే, పోసే పెట్రోలు పాతదే. అటువంటప్పుడు క్రొత్త బలం గాని, క్రొత్త వేగం గాని ఎక్కడనుంచి వస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం తెలియకుండా మార్పు చేస్తే గొలుసు త్వరగా అరిగిపోతుంది. పరిమాణం సరిపడని గొలుసు వేస్తే అది పరుగులో తెగి, వెనుక చక్రానికి చుట్టుకొని, బండిని ఒక్కసారిగా పట్టివేయవచ్చును. కాబట్టి ఇది కేవలం పనివాడి చేతి నేర్పుకు సంబంధించిన విషయం కాదు. దీని వెనుక ఒక చిన్న గణితమూ, రెండు వేల ఏళ్ళకు మించిన చరిత్రా ఉన్నాయి.

గానుగ నేర్పే లెక్క

మొదట గానుగనే తీసుకొనవచ్చును. ఎద్దులు 3 మీటర్ల వ్యాసార్ధం గల బాటలో నడుస్తున్నాయనుకొంటే ఒక చుట్టుకు సుమారు 19 మీటర్లు నడవాలి. గంటకు 3 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి 50 మీటర్లు. అనగా నిమిషానికి సుమారు రెండున్నర చుట్లు. ఎద్దుల నడక నిదానమే. అయితే పొడవైన దూలం చివర లాగడం వలన, నడుమనున్న సన్నని రోలరు దగ్గర ఆ బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. గట్టి చెరుకు నలిగి రసం కారడానికి ఆ బలమే కారణం.

పూర్వం చెరుకు ఆడడానికి కొయ్య గానుగలు, రాతి గానుగలు వాడేవారు. 1870లలో బీహారులోని బిహియా గ్రామంలో మిల్న్, థామ్సన్ అనే ఇద్దరు భూస్వాములు ఎద్దులతో నడిచే ఇనుప రోలర్ల గానుగను తయారుచేసి ప్రచారంలోకి తెచ్చారు. ఈ విధమైన గానుగలలో దూలం ఒక రోలరును తిప్పుతుంది. ఆ రోలరు తన తలమీది పళ్ళచక్రం ద్వారా ప్రక్క రోలరును తిప్పుతుంది. అనకాపల్లిలో చెరుకు పరిశోధనా కేంద్రం ఏర్పడిన 1913 సంవత్సరం నాటికి దేశంలో ఇనుప గానుగ క్రొత్త వస్తువు కాదు.

తరువాత ఎద్దుల స్థానంలో నూనె ఇంజనులు, విద్యుత్తు మోటార్లు వచ్చాయి. అప్పుడు సమస్య తలక్రిందులైంది. నిమిషానికి 600 చుట్లు తిరిగే ఇంజనుతో, 10 చుట్లు మాత్రమే తిరగవలసిన రోలరును నడపాలనుకొందాం. వేగం 60 రెట్లు తగ్గాలి. చిన్న కప్పీనుంచి పెద్ద కప్పీకి బెల్టు వేసి కొంత తగ్గిస్తారు. చిన్న పళ్ళచక్రంతో పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పి మిగిలినది తగ్గిస్తారు. రాపిడి వలన పోయే నష్టాన్ని లెక్కలోనుంచి తీసివేస్తే, వేగం ఎన్ని రెట్లు తగ్గిందో తిప్పే బలం అన్ని రెట్లు పెరుగుతుంది. సామర్థ్యం అనేది తిప్పే బలానికీ వేగానికీ గల లబ్ధం. పళ్ళచక్రాలు ఆ లబ్ధాన్ని పెంచలేవు. అందులోని ఒక భాగాన్ని తగ్గించి మరొక భాగాన్ని పెంచగలవు, అంతే. గానుగకు వర్తించే ఈ సూత్రమే మోటారు సైకిలుకూ వర్తిస్తుంది.

గొలుసు పుట్టుక

పళ్ళచక్రాలు ఒకదానినొకటి తాకుతూ ఉంటే బలాన్ని అందించడం సులభమే. కాని రెండు ఇరుసుల మధ్య అర మీటరు దూరం ఉన్నప్పుడు ఏమి చేయాలి? తోలు బెల్టు ఒక ఉపాయం. అయితే బెల్టు జారుతుంది. జారకుండా దూరంగా ఉన్న చక్రాన్ని తిప్పే సాధనమే గొలుసు.

ఈ ఆలోచన చాలా పాతది. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దికి చెందిన గ్రీకు రచయిత ఫైలాన్, వరుసగా బాణాలు విడిచే ఒక యంత్రాన్ని వర్ణించాడు. అందులో పళ్ళచక్రాలమీద నడిచే గొలుసు ఉన్నది. చైనాలో 11వ శతాబ్ది చివర సు సుంగ్ అనే మంత్రి కైఫెంగ్ నగరంలో గొప్ప ఖగోళ గడియారాన్ని నిర్మింపజేశాడు. నీటితో నడిచే ఆ గడియారంలో క్రింది ఇరుసునుంచి పైనున్న ఖగోళ యంత్రానికి గొలుసు ద్వారా చలనం అందేది. ఇటలీలో లియొనార్డో డావిన్సీ తన నోటు పుస్తకాలలో నేటి గొలుసులను పోలిన బొమ్మలు గీశాడు. 1829లో ఫ్రాన్సుకు చెందిన గాల్ పలకలు, పిన్నులు గల గొలుసుకు పేటెంటు పొందాడు.

ఈ పాత గొలుసులకు ఒక పెద్ద లోపం ఉండేది. పలకలు నేరుగా పిన్నుల చుట్టూ తిరిగేవి. పలక మందం చాలా తక్కువ. కాబట్టి గొలుసు భరించే బరువంతా పిన్ను మీద ఇరుకైన చోటనే పడేది. బలం అదే అయినప్పుడు, తగిలే వైశాల్యం తగ్గిన కొద్దీ పీడనం పెరుగుతుంది. పీడనం పెరిగిన కొద్దీ అరుగుదల పెరుగుతుంది. అందువలన ఇటువంటి గొలుసులు నిదానంగా బరువు లేపే పనులకు సరిపోయాయి కాని, రోజంతా వేగంగా తిరిగే యంత్రాలకు నిలవలేదు.

ఆ కాలంలో ఇంగ్లండులోని మాంచెస్టరు ప్రాంతం నూలు మిల్లులకు నిలయంగా ఉండేది. ఆ మిల్లు యంత్రాలకు గొలుసులు చేసే జేమ్స్ స్లేటర్ 1864లో ఒక పేటెంటు పొందాడు. 1879లో అతని వ్యాపారాన్ని హాన్స్ రెనాల్డ్ కొన్నాడు. రెనాల్డ్ 1852లో స్విట్జర్లాండులో పుట్టి, యువకుడుగా ఇంగ్లండు చేరిన ఇంజనీరు. 1880లో అతడు బుష్షు, రోలరు గల గొలుసును రూపొందించాడు. లోపలి పలకలు రెండింటినీ ఒక చిన్న గొట్టానికి బిగించాడు, ఇదే బుష్షు. పిన్ను ఈ గొట్టంలో తిరుగుతుంది. అందువలన బరువు పలక అంచు మీద కాక, గొట్టం పొడవునా పరచుకొంటుంది. బుష్షు మీద మరొక గొట్టం వదులుగా తిరుగుతుంది, ఇదే రోలరు. పళ్ళచక్రపు పన్ను తగిలినప్పుడు రోలరు దొర్లుతుంది కాబట్టి పన్ను రాచుకొని అరిగిపోదు. నేడు సైకిలుకు, మోటారు సైకిలుకు ఉన్న గొలుసు మూలరూపం ఇదే. నూట నలభై ఏళ్ళు దాటినా ఆ మూల నిర్మాణం పెద్దగా మారలేదు.

సైకిలు, విమానం, పందెం

రెనాల్డ్ గొలుసు మిల్లుల కొరకు పుట్టినా, దానిని లోకమంతటా వ్యాపింపజేసినది సైకిలు. అంతకు ముందు సైకిలుకు ముందు చక్రం చాలా పెద్దదిగా ఉండేది. కొన్నింటిలో అది దాదాపు ఒకటిన్నర మీటర్ల ఎత్తు. పెడళ్ళు ఆ చక్రానికే బిగించి ఉండేవి. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒకే చుట్టు తిరుగుతుంది కాబట్టి, వేగం కావాలంటే చక్రాన్ని పెద్దది చేయడం తప్ప వేరే దారి లేదు. అంత ఎత్తునుంచి పడినవారికి తలలు పగిలేవి.

1885లో ఇంగ్లండులోని కవెంట్రీ నగరంలో జాన్ కెంప్ స్టార్లీ, రెండు చక్రాలూ ఇంచుమించు సమానంగా ఉండి వెనుక చక్రం గొలుసుతో తిరిగే సైకిలును తయారుచేశాడు. పెడళ్ళ దగ్గర 48 పళ్ళు, వెనుక 18 పళ్ళు ఉన్నాయనుకొంటే, ఒక త్రొక్కుడు చుట్టుకు చక్రం 2.67 చుట్లు తిరుగుతుంది. అప్పుడు 28 అంగుళాల చక్రం, గొలుసు లేని 75 అంగుళాల చక్రంతో సమానం. మనిషి నేలకు దగ్గరగా కూర్చుండి, పెద్ద చక్రం ఇచ్చే వేగాన్ని పొందగలిగాడు. పళ్ళ నిష్పత్తి చక్రపు ఎత్తుకు బదులుగా పనిచేసింది.

1903లో విమానం ఎగురవేసిన రైట్ సోదరులు సైకిళ్ళు చేసి అమ్మేవారు. వారి విమానంలో ఒకే ఇంజను రెండు ప్రొపెల్లర్లను గొలుసులతో త్రిప్పింది. ఇంజను 23 చుట్లు తిరిగితే ప్రొపెల్లరు 8 చుట్లు తిరిగే విధంగా పళ్ళు అమర్చారు. పెద్ద ప్రొపెల్లరు నిదానంగా తిరిగితేనే సామర్థ్యం వృథా కాదని వారు లెక్క కట్టారు. రెండు ప్రొపెల్లర్లూ ఎదురెదురు దిశలలో తిరగడానికి ఒక గొలుసును 8 అంకె ఆకారంలో మెలివేశారు. మొదటి పరీక్షలలో ఇంజను సరిగా నడవక కుదుపులు వచ్చి, ఇరుసుల మీద స్ప్రాకెట్లు వదులైపోయాయి. సైకిలు టైర్లు అతికించే జిగురు పోసి వాటిని గట్టిపరచారు. ఆ ఏడు డిసెంబరు 17న విమానం ఎగిరింది.

మోటారు సైకిలు మాత్రం తోలు బెల్టుతో మొదలైంది. 1885లో జర్మనీలో డైమ్లర్, మేబాక్ తయారుచేసిన తొలి పెట్రోలు ద్విచక్ర వాహనంలో ఉన్నది బెల్టే. తరువాత ఇరవై అయిదేళ్ళ పాటు చాలామంది తయారీదారులు బెల్టునే వాడారు. బెల్టు మెత్తగా, చప్పుడు లేకుండా నడుస్తుంది. కాని వాన తగిలినా, ఎత్తు వచ్చినా జారుతుంది. 1911లో ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలో జరిగే ప్రసిద్ధ పందేన్ని మొదటిసారిగా కొండమీది దారికి మార్చారు. ఆ ఏడు పెద్ద ఇంజనుల పందెంలో మొదటి మూడు స్థానాలూ అమెరికాలో తయారైన ఇండియన్ అనే మోటారు సైకిళ్ళకే దక్కాయి. వాటికి ఉన్నవి గొలుసు, రెండు గేర్లు. కొండ ఎక్కవలసి వచ్చినప్పుడు నిష్పత్తి మార్చుకోగల బండి, జారని గొలుసు ఎంత ప్రయోజనకరమో అందరికీ అర్థమైంది. ఘాట్ రోడ్డు ఎక్కే బండికీ ఆ పందెపు బండికీ ఉన్న సమస్య ఒక్కటే.

మద్రాసులో తయారీ

మన దేశంలో మోటారు సైకిళ్ళ తయారీకి దక్షిణాన మద్రాసు ముఖ్యకేంద్రమైంది. 1955లో అక్కడ ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఇంగ్లండునుంచి తెప్పించిన భాగాలతో 350 ఘన సెంటీమీటర్ల బుల్లెట్టును కూర్చడం మొదలుపెట్టింది. క్రమంగా భాగాలన్నీ ఇక్కడే తయారైనాయి. 1960లో అదే నగరంలో అమెరికాలోని డైమండ్ చైన్ సంస్థ సహకారంతో గొలుసుల కర్మాగారం ఏర్పడింది. కోయంబత్తూరు కూడా తరువాత గొలుసుల తయారీకి పేరు పొందింది. 1961లో మైసూరునుంచి జావా, 1962లో ఫరీదాబాదునుంచి రాజ్‌దూత్ మోటారు సైకిళ్ళు వచ్చాయి.

ఈ కాలంలోనే దేశం అంగుళాలను వదలి మీటర్ల పద్ధతికి మారింది. అందుకు సంబంధించిన చట్టం 1956లో వచ్చింది. అయితే గొలుసు మాత్రం మారలేదు. గొలుసులో ఒక పిన్ను మధ్యనుంచి తరువాతి పిన్ను మధ్యకు గల దూరాన్ని పిచ్ అంటారు. సైకిలు గొలుసు పిచ్ 12.7 మిల్లీమీటర్లు, అనగా సరిగా అర అంగుళం. బుల్లెట్టు వెనుక గొలుసు పిచ్ 15.875 మిల్లీమీటర్లు, అనగా అంగుళంలో 5/8 వంతు. దశాంశ పద్ధతిలో ఈ సంఖ్యలు వింతగా కనిపించడానికి కారణం ఇంగ్లండు కర్మాగారాల పాత కొలతలు. లోకమంతటా కోట్ల పళ్ళచక్రాలు ఆ కొలతతో తయారైన తరువాత దానిని మార్చడం ఎవరికీ లాభం కాలేదు.

నేడు గొలుసు పెట్టె మీద ఉండే అంకెలలో కూడా ఈ చరిత్ర దాగి ఉన్నది. 428, 520, 525, 530 వంటి సంఖ్యలలో మొదటి అంకె పిచ్‌ను అంగుళంలో ఎనిమిదవ వంతులలో చెబుతుంది. 4 అంటే 4/8, అనగా అర అంగుళం. 5 అంటే 5/8 అంగుళం. తరువాతి రెండు అంకెలు లోపలి పలకల మధ్య వెడల్పును సూచిస్తాయి. 520కి పావు అంగుళం, 525కి 5/16, 530కి 3/8 అంగుళం.

ఒక పన్ను మారితే

పాత ఇనుప ఇంజను బుల్లెట్టుకు వెనుక స్ప్రాకెట్టు పళ్ళు 38. అది బ్రేకు డ్రమ్ముతో కలిసి ఒకే ముక్కగా ఉంటుంది. అందువలన మార్చదలచినవారు ముందు స్ప్రాకెట్టునే మారుస్తారు. దానికి 16, 17, 18 పళ్ళ రకాలు దొరుకుతాయి. 38ని ఈ సంఖ్యలతో భాగిస్తే వచ్చే నిష్పత్తులు వరుసగా 2.375, 2.235, 2.111.

17 పళ్ళ చక్రం తీసి 16 పళ్ళది వేస్తే వెనుక చక్రం మీద తిప్పే బలం 17/16 రెట్లు అవుతుంది, అనగా 6.25 శాతం పెరుగుతుంది. ఇంజను అన్నే చుట్లు తిరుగుతుండగా బండి వేగం 16/17 వంతు అవుతుంది, అనగా 5.9 శాతం తగ్గుతుంది. పెరిగినదానినీ తగ్గినదానినీ గుణిస్తే సరిగా 1 వస్తుంది. ఇంజను సామర్థ్యం అణువంత కూడా పెరగలేదని ఈ 1 చెబుతున్నది. ఇంతకు ముందు ఒక వేగంలో ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగేదనుకొంటే, అదే వేగానికి ఇప్పుడు సుమారు 3,190 చుట్లు తిరగాలి. ఘాట్ రోడ్డు మీద ఇది సుఖం. రహదారి మీద ఇది చప్పుడు, పెట్రోలు ఖర్చు.

17 తీసి 18 వేస్తే ఫలితం ఎదురుగా ఉంటుంది. సమతల రహదారి మీద ఇంజను నిదానంగా తిరుగుతుంది. కాని ఎత్తు ఎక్కేటప్పుడు, ఇద్దరు కూర్చున్నప్పుడు ఇంజను ముక్కుతుంది. గేరు మాటిమాటికి దించవలసి వస్తుంది. ఈ మార్పు గేర్లన్నింటికీ ఒకే నిష్పత్తిలో వర్తిస్తుంది కాబట్టి, పై గేరులో సుఖం కోరినవాడు మొదటి గేరులో కూడా మూల్యం చెల్లించాలి.

చిన్న బళ్ళలో వెనుక స్ప్రాకెట్టును విడిగా మార్చవచ్చును. ముందు 14, వెనుక 42 పళ్ళు గల బండిలో నిష్పత్తి 3. ముందు 13 వేస్తే నిష్పత్తి 3.23. ముందు 14 ఉంచి వెనుక 45 వేస్తే 3.21. ఇంచుమించు ఒకటే. ముందు ఒక పన్ను తగ్గించడం వెనుక మూడు పళ్ళు పెంచడంతో సమానమన్నమాట. ముందు చక్రం చిన్నది, చవక. అందుచేత చాలామంది దానినే మార్చుకొంటారు. కాని ఈ రెండు మార్గాలూ గొలుసుకు మాత్రం సమానం కావు.

ఇంజను తిప్పే బలాన్ని ముందు స్ప్రాకెట్టు వ్యాసార్ధంతో భాగిస్తే గొలుసు మీది లాగుడు వస్తుంది. 14 పళ్ళనుంచి 13కు దిగితే వ్యాసార్ధం తగ్గి, లాగుడు సుమారు 7.7 శాతం పెరుగుతుంది. వెనుక 45 వేసినప్పుడు ముందు చక్రం పాతదే కాబట్టి లాగుడు పెరగదు. అదనపు బలం పెద్ద వ్యాసార్ధంనుంచి వస్తుంది. బండి లాగే బలం రెండింటిలోనూ ఒక్కటే అయినా, మొదటి పద్ధతిలో దాని భారం గొలుసు మీద పడుతుంది.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. గొలుసు పళ్ళచక్రం మీద గుండ్రంగా వంగదు. లింకు లింకుగా, బహుభుజి అంచుల వలె వంగుతుంది. అందువలన చక్రం సమవేగంతో తిరిగినా గొలుసు వేగం ప్రతి పన్ను దగ్గర కొంచెం హెచ్చి తగ్గుతుంది. 180 డిగ్రీలను పళ్ళ సంఖ్యతో భాగించి, ఆ కోణం యొక్క కొసైన్ విలువను 1లోనుంచి తీసివేస్తే ఈ హెచ్చుతగ్గు ఎంతో తెలుస్తుంది. 38 పళ్ళకు అది 0.34 శాతం. 17 పళ్ళకు 1.7 శాతం. 14 పళ్ళకు 2.5 శాతం. 11 పళ్ళకు 4 శాతం దాటుతుంది. ముందు చక్రం చిన్నదైన కొద్దీ కుదుపు, చప్పుడు, అరుగుదల పెరగడానికి ఇది ఒక కారణం. త్రికోణమితి చదివే విద్యార్థులు ఈ లెక్కను తామే చేసి చూడవచ్చును.

గొలుసు పరిమాణమే మారిస్తే

పళ్ళ సంఖ్య మార్చడం ఒక పని; గొలుసు పిచ్ మార్చడం వేరొక పని. కొందరు బరువు తగ్గించడానికో, మార్కెట్టులో సులభంగా దొరికే రకం కొరకో 5/8 అంగుళం గొలుసు తీసి అర అంగుళం గొలుసు వేయదలుస్తారు. అప్పుడు గొలుసు ఒక్కటే మార్చితే చాలదు. 15.875 మిల్లీమీటర్ల పళ్ళ మధ్య 12.7 మిల్లీమీటర్ల గొలుసు కూర్చోదు. ముందు స్ప్రాకెట్టు, వెనుక స్ప్రాకెట్టు, గొలుసు మూడూ కలిపి మార్చాలి.

చక్రాల వ్యాసం పాత వ్యాసానికి దగ్గరగా ఉండాలంటే పళ్ళ సంఖ్యను 5/4 రెట్లు చేయాలి. పిచ్‌ను, 180ని పళ్ళ సంఖ్యతో భాగించగా వచ్చిన కోణపు సైన్ విలువతో భాగిస్తే స్ప్రాకెట్టు వ్యాసం వస్తుంది. 5/8 అంగుళం పిచ్‌లో 16 పళ్ళ చక్రపు వ్యాసం సుమారు 81.4 మిల్లీమీటర్లు. అర అంగుళం పిచ్‌లో 20 పళ్ళ చక్రపు వ్యాసం సుమారు 81.2 మిల్లీమీటర్లు. వెనుక 38కి బదులు 47న్నర రావాలి. అరపన్ను ఉండదు కనుక 48 వేస్తే నిష్పత్తి 2.4 అవుతుంది, పాత 2.375కు ఇది చాలా దగ్గర. పైగా పళ్ళు 16నుంచి 20కి పెరిగినందున ఇంతకు ముందు చెప్పిన కుదుపు 1.92 శాతంనుంచి 1.23 శాతానికి తగ్గుతుంది.

ఇంతవరకు అంతా లాభమే. నష్టం బలంలో ఉన్నది. చిన్న పిచ్ గొలుసుకు పిన్నులు సన్నం, పలకలు చిన్నవి. అంతర్జాతీయ ప్రమాణాలలో అర అంగుళం పిచ్ గల 08బి గొలుసు తెగకుండా భరించవలసిన కనీసపు లాగుడు 17.8 కిలోన్యూటన్లు, 5/8 అంగుళం పిచ్ గల 10బి గొలుసుకు అది 22.2 కిలోన్యూటన్లు. చిన్న గొలుసు బలం పెద్ద గొలుసు బలంలో అయిదింట నాలుగు వంతులు మాత్రమే. పెద్ద ఇంజనుకు మామూలు చిన్న గొలుసు వేస్తే మొదటి రోజున ఏమీ కాకపోవచ్చును. బరువుతో ఎత్తు ఎక్కుతూ, గుంటలో పడి లేచిన క్షణంలో దాని పరీక్ష జరుగుతుంది. కాబట్టి పిచ్ తగ్గించేటప్పుడు నాణ్యమైన ఉక్కుతో చేసి, ఆ ఇంజను సామర్థ్యానికి తగినదని తయారీదారు చెప్పిన గొలుసునే ఎన్నుకోవాలి.

గొలుసు పొడవుకూ నియమం ఉన్నది. లోపలి లింకు, బయటి లింకు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి కాబట్టి మొత్తం లింకులు సరిసంఖ్య కావాలి. బేసి సంఖ్య వస్తే వంకర పలకలు గల ప్రత్యేక లింకు వేయాలి. అది మిగిలినవాటి కంటె బలహీనం. ఒక పన్ను పెరిగితే గొలుసు అర లింకు అధికంగా కావాలి. అంతమాత్రానికి గొలుసు మార్చనక్కరలేదు. వెనుక ఇరుసును పావు లింకు, అనగా 5/8 పిచ్‌లో సుమారు 4 మిల్లీమీటర్లు, ముందుకు జరిపితే చాలును.

ముందు స్ప్రాకెట్టుకు 17 వంటి బేసి సంఖ్యను వాడడంలో కూడా యుక్తి ఉన్నది. గొలుసులో లింకులు సరిసంఖ్య, పళ్ళు బేసి. అందువలన ఒక పన్నుకు ఈ చుట్టులో లోపలి లింకు తగిలితే మరుసటి చుట్టులో బయటి లింకు తగులుతుంది. అరుగుదల అన్ని పళ్ళకూ సమంగా పంచబడుతుంది. 16 పళ్ళయితే ఒక పన్నుకు ఎప్పుడూ ఒకే రకం లింకు తగులుతూ ఉంటుంది.

విద్యార్థులు చేయదగిన పరీక్ష

గొలుసు సాగింది అని అందరూ అంటారు. నిజానికి ఉక్కు పలకలు సాగవు. పిన్ను, బుష్షు కొంచెం కొంచెంగా అరగడం వలన ప్రతి కీలులోనూ వెంట్రుకవాసి ఖాళీ ఏర్పడుతుంది. నూరు కీళ్ళలోని ఖాళీలు కలిసి గొలుసు పొడవును పెంచుతాయి. పిచ్ పెరిగిన గొలుసు పళ్ళ మొదళ్ళలో కూర్చోక పైకి ఎక్కుతుంది. పళ్ళు ఒక వైపుకు వంగిన కొక్కేల వలె అవుతాయి. అటువంటి పాత చక్రం మీద క్రొత్త గొలుసు వేసినా, క్రొత్త చక్రం మీద పాత గొలుసు వేసినా, క్రొత్తది పాతదానివలె త్వరలో పాడవుతుంది. మూడింటినీ కలిపి చైను సెట్టుగా మార్చమని మెకానిక్కులు చెప్పడానికి కారణం ఇదే.

దీనిని తరగతిలోనే కొలిచి చూడవచ్చును. సైకిలు గొలుసు పిచ్ 12.7 మిల్లీమీటర్లు కాబట్టి 20 లింకుల పొడవు, పిన్ను మధ్యనుంచి పిన్ను మధ్యకు, సరిగా 254 మిల్లీమీటర్లు ఉండాలి. క్రొత్త గొలుసును, చాలాకాలం వాడిన గొలుసును బిగువుగా లాగి పట్టుకొని స్కేలుతో కొలవాలి. పాతది 2 మిల్లీమీటర్లు, 3 మిల్లీమీటర్లు పెరిగి ఉండడం కనిపిస్తుంది. మోటారు సైకిలు గొలుసుకు 2 శాతం పెరుగుదల సాధారణంగా హద్దు. అర అంగుళం పిచ్‌లో అది 20 లింకులకు సుమారు 259 మిల్లీమీటర్లు. కొలిచేటప్పుడు ఇంజను ఆపి ఉంచాలి. తిరిగే గొలుసుకూ స్ప్రాకెట్టుకూ మధ్య వ్రేళ్ళు పడితే నలిగిపోతాయి.

రెండవ పరీక్ష ఇంకా సులభం. సైకిలును తలక్రిందులుగా నిలబెట్టి, టైరు మీద సుద్దతో ఒక గుర్తు పెట్టి, పెడలును సరిగా మూడు చుట్లు త్రిప్పాలి. వెనుక చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించాలి. తరువాత రెండు చక్రాల పళ్ళనూ లెక్కించి, భాగించి, వచ్చిన సంఖ్యను మూడుతో హెచ్చించాలి. రెండు ఫలితాలూ సరిపోతాయి. ఊరిలో గానుగ ఉన్నచోట ఉపాధ్యాయులు పిల్లలను అక్కడికి తీసుకొనిపోయి, ఇంజను ఆపి ఉన్న సమయంలో కప్పీల వ్యాసాలనూ పళ్ళచక్రాల పళ్ళనూ కొలిపించి, ఇంజను చుట్లకూ రోలరు చుట్లకూ గల నిష్పత్తిని కట్టించవచ్చును. ఆ లెక్క చేసిన విద్యార్థి రేపు తన బండికి స్ప్రాకెట్టు మార్పించవలసి వచ్చినప్పుడు, ఎంత బలం వస్తుందో, దానికి ఎంత వేగం ఇవ్వాలో షెడ్డులో అడుగు పెట్టక ముందే చెప్పగలుగుతాడు.